పొలం గట్టున లిథియం: వాడిన బ్యాటరీల పునశ్చక్రీకరణ – వ్యవసాయ రంగం ముందున్న కర్తవ్యం

ఖరీఫ్ పంటలకు మందుల పిచికారీ ముగిసే నాటికి, గ్రామాల్లో స్ప్రేయర్లు మరమ్మతు చేసే దుకాణాల్లో ఒక మూల రెండు రకాల పాత బ్యాటరీలు పోగుపడి కనిపిస్తాయి. మొదటిది బరువైన నల్లని డబ్బా వంటి 12 వోల్టుల సీసం–ఆమ్ల బ్యాటరీ. అది అక్కడ ఎక్కువ కాలం ఉండదు. పాత ఇనుప సామాను కొనేవారు తూకం వేసి, డబ్బు చెల్లించి తీసుకువెళతారు. రెండవది ప్లాస్టిక్ పొర చుట్టిన, చేతికి తేలికగా ఉండే లిథియం బ్యాటరీ. దానిని అడిగేవారు సాధారణంగా ఉండరు. కొంతకాలానికి అది చెత్తకుప్పకో, దుకాణం వెనుక కాలువకో, పొలం గట్టుకో చేరుతుంది.

వీపున తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్లు మొదట వచ్చినప్పుడు దాదాపు అన్నీ సీసం బ్యాటరీలతోనే నడిచేవి. బరువు తక్కువ కావడం, త్వరగా ఛార్జ్ కావడం, ఎక్కువ సార్లు ఛార్జ్ చేసుకునే వీలుండడం వలన లిథియం–అయాన్ బ్యాటరీ క్రమంగా వాటి స్థానాన్ని ఆక్రమిస్తున్నది. సౌర దీపపు ఎరలు, సౌర కంచెలు, పంటను మార్కెట్టుకు చేర్చే ఎలక్ట్రిక్ ఆటోలు, ఇప్పుడు డ్రోన్లు కూడా ఇదే బాటలో ఉన్నాయి. ఈ మార్పు రైతుకు మేలు చేసేదే. కానీ సీసం బ్యాటరీ వెనక్కు వెళ్ళడానికి ఏర్పడి ఉన్న దారి లిథియం బ్యాటరీకి ఇంకా ఏర్పడలేదు. ఇందుకు కారణాన్ని రైతు అవగాహనా లోపంలో వెతకడం పరిపాటి అయింది. అసలు కారణం తూకంలోనూ, ధరలోనూ ఉన్నది.

తూకం చెప్పే నిజం

స్ప్రేయరులో వాడే 12 వోల్టుల, 8 ఆంపియర్–గంటల సీసం బ్యాటరీ సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది. అందులో దాదాపు ఒకటిన్నర కిలోలు సీసమే. అంతర్జాతీయ విపణిలో టన్ను సీసం 2,000 డాలర్ల చుట్టుపక్కల ఉన్నప్పుడు ఆ సీసం విలువ సుమారు 250 రూపాయలు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది కాబట్టి దానిని తిరిగి పొందడం కూడా సులువు. ఆ సులువే పెరటి కొలుములకూ, వాటి చుట్టూ పెరిగే పిల్లల రక్తంలో సీసానికీ కారణమైనది. అది మరొక వ్యాసానికి తగిన విషయం. ఏమైనా, సీసం బ్యాటరీని వెనక్కు నడిపిస్తున్నది ఆ 250 రూపాయలే.

ఇప్పుడు అంతే శక్తిని నిల్వచేసే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని తీసుకుందాం. 12.8 వోల్టులు, 8 ఆంపియర్–గంటలు అంటే సుమారు 102 వాట్–గంటలు. ఒక కిలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ చూర్ణం ఆచరణలో 480 వాట్–గంటల వరకు నిల్వ చేయగలదు కాబట్టి ఈ బ్యాటరీకి 210 గ్రాములకు కొంచెం పైగా చూర్ణం చాలు. అణుభారాల ప్రకారం ఆ చూర్ణంలో లిథియం 4.4 శాతం మాత్రమే. అంటే బ్యాటరీ మొత్తంలో ఉన్న లిథియం దాదాపు 9.4 గ్రాములు. దానిని పూర్తిగా రాబట్టి లిథియం కార్బొనేటుగా మార్చితే వచ్చేది 50 గ్రాములు.

2022 చివరలో లిథియం కార్బొనేటు టన్ను 80 వేల డాలర్ల వరకు ఎగబాకింది. ఆనాటి లెక్కన ఈ 50 గ్రాముల విలువ 300 రూపాయలు దాటేది. 2024–25 నాటికి ధర టన్నుకు 10 వేల డాలర్ల స్థాయికి పడిపోయింది. ఆ ధరలో అదే 50 గ్రాములు 40 రూపాయల సరుకు. సేకరణ, రవాణా, విడదీయడం, ఆమ్లాలు, మురుగు శుద్ధి – అన్ని ఖర్చులూ ఆ నలభైలోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఉత్తర అమెరికాలో పేరుపొందిన లై–సైకిల్ వంటి రీసైక్లింగ్ సంస్థ 2025 మే నెలలో దివాలా రక్షణ కోరవలసి వచ్చిందంటే ఈ లెక్క ఎంత పెళుసైనదో తెలుస్తుంది.

మరొక సంగతి గమనించదగినది. బ్యాటరీలోని రుణ ఎలక్ట్రోడు పలుచని రాగి రేకు మీద గ్రాఫైటు పూసి తయారవుతుంది. మన ఉదాహరణలోని బ్యాటరీలో 60–70 గ్రాముల రాగి ఉండవచ్చు. కిలో రాగిని 800 రూపాయలుగా తీసుకున్నా దాని విలువ 50 రూపాయలు. అంటే 2024–25 నాటి ధరల్లో లిథియం బ్యాటరీలో అన్నింటికంటే విలువైనది లిథియం కాదు, రాగి! చిన్న వర్తకుడు బ్యాటరీని కొనడం అంటూ జరిగితే సుత్తితో పగులగొట్టి రాగి, అల్యూమినియం రేకులు దులిపి తీసుకుని, నల్లపొడిని పారబోసే ప్రమాదం ఇందులోనే ఉన్నది. ఆ పొడిలోనే లిథియం, భాస్వరం, ఫ్లోరిన్ సమ్మేళనాలు ఉంటాయి.

డ్రోను బ్యాటరీల సంగతి కొంత వేరు. పది లీటర్ల డ్రోనులో వాడే 22.2 వోల్టుల, 22 ఆంపియర్–గంటల బ్యాటరీ ఒక్కొక్కటి 488 వాట్–గంటల శక్తి కలది. బరువు సుమారు రెండున్నర కిలోలు. అది లిథియం కోబాల్ట్ ఆక్సైడు తరగతికి చెందినదైతే అందులో అర కిలో వరకు కోబాల్ట్ ఉంటుంది. నికెల్–మాంగనీసు–కోబాల్ట్ మిశ్రమమైతే కోబాల్ట్ తగ్గి నికెల్ పెరుగుతుంది. ఇటువంటి బ్యాటరీలను రీసైక్లింగ్ కర్మాగారాలు కోరి కొంటాయి. చిక్కు ఏమిటంటే పై పొర మీద ఉన్న చీటీని బట్టి లోపల ఏ రసాయనం ఉన్నదో చాలా సందర్భాల్లో తెలియదు. దుకాణదారుడికి రెండూ 'లిథియం బ్యాటరీ'లే.

మట్టిలోకి, నీటిలోకి చేరితే

లిథియం మొక్కకు అవసరమైన పోషకం కాదు. తక్కువ మోతాదులో చాలా పంటలు దానిని తట్టుకుంటాయి. ఆహార వ్యవసాయ సంస్థ 1985లో సవరించి ప్రచురించిన సాగునీటి నాణ్యతా మార్గదర్శకాల ప్రకారం లీటరు నీటిలో 2.5 మిల్లీగ్రాముల లిథియం వరకు చాలా పంటలకు ఫరవాలేదు. కానీ నిమ్మజాతి పంటలకు ఆ హద్దు 0.075 మిల్లీగ్రాములు మాత్రమే. ఇతర పంటల హద్దులో ఇది ముప్పై మూడవ వంతు! నల్గొండ, అనంతపురం బత్తాయి తోటలకూ, గూడూరు ప్రాంతపు నిమ్మ తోటలకూ ఈ అంకె ముఖ్యమైనది. అదే పట్టికలో కోబాల్ట్‌కు 0.05, నికెల్, రాగి, మాంగనీసులకు 0.20 మిల్లీగ్రాముల చొప్పున హద్దులు ఉన్నాయి.

మన స్ప్రేయరు బ్యాటరీలోని 9.4 గ్రాముల లిథియం మొత్తం నీటిలో కరిగితే 1.25 లక్షల లీటర్ల నీటిని నిమ్మజాతి హద్దుకు చేర్చగలదు. ఈ లెక్కను చూసి కలవరపడడం మాత్రం తగదు. పాత బ్యాటరీలోని లిథియం ఒక్కసారిగా బయటపడదు. ఐరన్ ఫాస్ఫేట్ స్ఫటికంలో బంధింపబడిన లిథియం నిలకడైనది. నెమ్మదిగా మాత్రమే విడుదల అవుతుంది. త్వరగా బయటపడేవి రెండు. మొదటిది, ఛార్జ్ మిగిలి ఉన్న బ్యాటరీలో గ్రాఫైటు పొరల మధ్య చేరిన లిథియం. ఇది నీరు తగలగానే లిథియం హైడ్రాక్సైడుగా మారి కరిగిపోతుంది. రెండవది, ఎలక్ట్రోలైటు ద్రావణంలోని లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేటు అనే లవణం. ఇది తేమ తగిలినప్పుడు విచ్ఛిన్నమై హైడ్రోజన్ ఫ్లోరైడును వెలువరిస్తుంది. ఊపిరితిత్తులకూ, కళ్ళకూ, చర్మానికీ అత్యంత హానికరమైన వాయువు ఇది. సుత్తితో బ్యాటరీ పగులగొట్టే మనిషికి తక్షణ ప్రమాదం లిథియం కంటే దీని వలననే. భూగర్భ జలాల్లో ఫ్లోరైడు బాధను తరాలుగా అనుభవించిన నల్గొండ వంటి ప్రాంతాలకు కొత్త ఫ్లోరిన్ మూలాలు ఎంత చిన్నవైనా అవసరం లేదు.

మట్టిలోకి చేరిన లిథియంను బంకమన్ను కణాలు గట్టిగా పట్టి ఉంచవు. కాబట్టి అది నీటితోపాటు కిందికి కదులుతుంది. నిమ్మజాతి చెట్లలో దాని విష లక్షణాలు ఆకు కొనలు, అంచులు మాడడం, ఆకులు రాలడం రూపంలో కనిపిస్తాయి. ఈ లక్షణాలు ఉప్పు నీటి వలన కలిగే నష్టాన్ని పోలి ఉంటాయి కాబట్టి తోటలో చూసి తేల్చడం కష్టం. మన భూసార పరీక్షా పత్రంలో నమోదయ్యే 12 అంశాలలో లిథియం లేదు. ప్రయోగశాలల్లో పొటాష్ కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటరుకు లిథియం వడపోతను అమర్చితే మోటుగా అంచనా వేయవచ్చు, 0.075 మిల్లీగ్రాముల స్థాయిని నమ్మకంగా కొలవాలంటే మాత్రం ప్లాస్మా ఆధారిత పరికరాలు కావలసిందే. పాత బ్యాటరీల దుకాణాలు, చెత్త దిబ్బల దిగువన ఉన్న బత్తాయి తోటల బావినీటిని ఒకసారి ఈ దృష్టితో పరిశీలించడం మన నేల శాస్త్ర విభాగాలు చేపట్టదగిన చిన్న పని.

కర్మాగారంలో జరిగేది

రీసైక్లింగ్ కర్మాగారానికి చేరిన బ్యాటరీని మొదట రసాయనాన్ని బట్టి వేరుచేసి, మిగిలిన ఛార్జ్‌ను పూర్తిగా తీసివేస్తారు. ఉప్పు నీటిలో ముంచడం అందరికీ తెలిసిన పద్ధతి. దీనిని గ్రామాల్లో, ఇళ్ళల్లో అనుకరించడం మంచిది కాదు. విద్యుద్విశ్లేషణ వలన బ్యాటరీ ధ్రువాలు తుప్పు పట్టి, లోపలి ఎలక్ట్రోలైటు ఉప్పు నీటిలోకి కారుతుంది. చివరకు మిగిలే ఆ నీరే ఒక వ్యర్థం. ఆధునిక కర్మాగారాల్లో నిరోధకాల ద్వారా ఛార్జ్ తీసివేయడమో, నత్రజని వాయువు మధ్య ముక్కలు చేయడమో చేస్తున్నారు. ముక్కలైన సరుకు నుండి ఇనుము, రాగి, అల్యూమినియం, ప్లాస్టిక్ వేరుచేయగా మిగిలేది నల్లపొడి. పరిశ్రమలో దీనిని 'బ్లాక్ మాస్' అంటారు. గ్రాఫైటు, ధన ఎలక్ట్రోడు చూర్ణం ఇందులో కలిసి ఉంటాయి. అసలు రసాయన శాస్త్రం ఇక్కడి నుండి మొదలవుతుంది.

ఒక దారి అగ్ని. 1,400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన కొలిమిలో కరిగిస్తే కోబాల్ట్, నికెల్, రాగి మిశ్రమ లోహంగా అడుగుకు చేరుతాయి. లిథియం, మాంగనీసు, అల్యూమినియం చిట్టెంలోకి పోతాయి, గ్రాఫైటు కాలిపోతుంది. కోబాల్ట్ లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ దారి దాదాపు నిరర్థకం.

రెండవ దారి ఆమ్లం. నల్లపొడిని గంధకికామ్లంలో హైడ్రోజన్ పెరాక్సైడు కలిపి 60–80 డిగ్రీల వద్ద కరిగిస్తారు. పెరాక్సైడు ఇక్కడ క్షయకరణిగా పనిచేసి, కరగని స్థితిలో ఉన్న కోబాల్ట్‌ను కరిగే స్థితికి తెస్తుంది. ఆ తరువాత ద్రావణి నిష్కర్షణ ద్వారా ఒక్కొక్క లోహాన్ని వేరుచేసి, చివరగా సోడియం కార్బొనేటు కలిపి లిథియం కార్బొనేటును అవక్షేపంగా రాబడతారు. సాధారణ లవణాలకు భిన్నంగా లిథియం కార్బొనేటు వేడి నీటిలో కంటే చల్లని నీటిలో ఎక్కువ కరుగుతుంది. అందుకే ఈ చివరి దశను మరిగే నీటికి దగ్గరి వేడిలో నిర్వహిస్తారు.

ఈ రెండవ దారిలో తెలుగు నేల వెనుకబడి లేదు. హైదరాబాదులోని సీ–మెట్ సంస్థలో కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ, తెలంగాణ ప్రభుత్వం, పరిశ్రమ భాగస్వామి కలిసి నెలకొల్పిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల కేంద్రం, కలగలుపు లిథియం బ్యాటరీల నుండి లిథియం, కోబాల్ట్, మాంగనీసు, నికెల్‌లను 95 శాతానికి పైగా రాబట్టే ప్రక్రియను రూపొందించింది. 2023 జూన్‌లో ఈ సాంకేతికతను తొమ్మిది రీసైక్లింగ్ పరిశ్రమలకు, అంకుర సంస్థలకు బదిలీ చేశారు. అంటే మనకు లోపించినది ప్రయోగశాల విజ్ఞానం కాదు.

అయితే 'సుస్థిర' అనే విశేషణాన్ని ఆమ్ల పద్ధతికి తొందరపడి తగిలించకూడదని ఈ రచయిత అభిప్రాయం. ఒక కిలో లిథియం కార్బొనేటు అవక్షేపించినప్పుడు రసాయన సమీకరణం ప్రకారమే 1.9 కిలోల సోడియం సల్ఫేటు ఏర్పడుతుంది. ఇతర లోహాల నుండి ఆమ్లాన్ని తటస్థీకరించడానికి వాడే కాస్టిక్ సోడా వలన ఇది మరింత పెరుగుతుంది. ఆ ఉప్పు నీటిని ఆవిరి చేసి, సోడియం సల్ఫేటును స్ఫటికాలుగా రాబట్టి డిటర్జెంట్, గాజు పరిశ్రమలకు అమ్మే కర్మాగారం ఒక తీరు; వాగులోకి వదిలే కర్మాగారం మరొక తీరు. సోడియం ఎక్కువైన నీరు పారిన నల్లరేగడి కారు చౌడుగా మారడం మనకు కొత్త కాదు. బ్యాటరీ నుండి పొలాన్ని కాపాడబోయి కర్మాగారం దిగువ పొలాన్ని చౌడు చేస్తే లాభమేమున్నది? రీసైక్లింగ్ యూనిట్లకు అనుమతులిచ్చేటప్పుడు వ్యర్థజలాల్లో భారలోహాలతో పాటు సోడియం శోషణ నిష్పత్తిని కూడా అడగవలసిన బాధ్యత వ్యవసాయ శాస్త్రవేత్తలది.

నారింజ తొక్క, నల్ల బూజు

గాఢ ఆమ్లాలకు బదులు సున్నితమైన ఆమ్లాలను వాడే ప్రయత్నాలు మన రంగానికి మరింత దగ్గరివి. నిమ్మజాతి చెట్టుకు లిథియం పడదు. కానీ నిమ్మ ఆమ్లం, అంటే సిట్రిక్ ఆమ్లం, లిథియంను, కోబాల్ట్‌ను చక్కగా కరిగించి లోహాలను పట్టి ఉంచుతుంది. 2020లో సింగపూర్‌లోని నాన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఎండబెట్టి పొడి చేసిన నారింజ తొక్కను సిట్రిక్ ఆమ్లంతో కలిపి, కోబాల్ట్, లిథియం, నికెల్, మాంగనీసులను దాదాపు 90 శాతం వరకు రాబట్టారు. తొక్కలోని సెల్యులోజు వేడికి చక్కెరలుగా మారి, హైడ్రోజన్ పెరాక్సైడు చేసే క్షయకరణి పనిని అదే చేస్తుంది. పండ్లరసాల కర్మాగారాల తొక్కకు విలువ వచ్చే మార్గమిది.

వేరుశనగలో మొదలు కుళ్ళు తెగులును కలిగించే ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్ల బూజు సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లాలను విరివిగా ఉత్పత్తి చేస్తుంది. గంధకాన్ని, ఇనుమును ఆక్సీకరించే ఆసిడిథయోబాసిల్లస్ బాక్టీరియా గంధకికామ్లాన్నే తయారుచేస్తుంది. ఈ రెండింటితోనూ బ్యాటరీ చూర్ణం నుండి లోహాలను కరిగించవచ్చని ప్రయోగశాలల్లో నిరూపించారు. ఇక్కడ అవరోధం కాలం. ఆమ్లం గంటల్లో చేసే పనికి సూక్ష్మజీవికి రోజులు పడుతుంది. పొడి పరిమాణం పెరిగితే లోహాల విషానికి సూక్ష్మజీవి తట్టుకోలేదు. వ్యవసాయ సూక్ష్మజీవశాస్త్ర విభాగాలు జీవన ఎరువుల కోసం దశాబ్దాలుగా చేస్తున్న జాతుల ఎంపిక, అలవాటు చేయడం, కిణ్వన ప్రక్రియ మెరుగుదల – సరిగ్గా ఈ నైపుణ్యాలే ఇక్కడ కావలసినవి.

ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మాత్రం అన్నింటికంటే పొదుపైన దారి, చూర్ణాన్ని విడగొట్టకుండా బాగుచేయడం. 1997లో పాధి, నంజుండస్వామి, గుడెనఫ్‌లు లోకానికి తెలిపిన ఈ పదార్థం పాతబడినప్పుడు దాని స్ఫటిక నిర్మాణం కూలిపోదు; కొంత లిథియం లోపిస్తుంది, కొన్ని చోట్ల ఇనుము లిథియం స్థానంలో కూర్చుంటుంది. 2020లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు లిథియం లవణం, సిట్రిక్ ఆమ్లం కలిసిన ద్రావణంలో వంద డిగ్రీల లోపు వేడిచేసి, తరువాత కొద్దిసేపు కాల్చి ఈ లోపాన్ని సరిదిద్దారు. గాఢ ఆమ్లం లేదు, అంతటి ఉప్పు నీరూ లేదు. ఒకే రకం బ్యాటరీలు కలగలుపు లేకుండా దొరికినప్పుడే ఈ పద్ధతి సాధ్యం. అందుకే సేకరణ దశలోనే రసాయనం తెలిసి ఉండడం అంత అవసరం.

బ్యాటరీలోని భాస్వరం

లిథియం ఐరన్ ఫాస్ఫేటులో భాస్వరం 19.6 శాతం. ఎరువుల లెక్కలో, అంటే భాస్వర పెంటాక్సైడుగా, అది దాదాపు 45 శాతం. డీఏపీలో ఉన్నది 46! లిథియంను మాత్రమే కరిగించి తీసిన తరువాత మిగిలే ఐరన్ ఫాస్ఫేట్ మడ్డిలో ఈ శాతం ఇంకొంచెం ఎక్కువ. ఫాస్ఫేట్ ముడిసరుకుకు దిగుమతుల మీద ఆధారపడిన మన దేశంలో, దీనిని ఎరువుగా వాడవచ్చుననే ఆలోచన ఎవరికైనా రావడం సహజం.

ఇక్కడ కొంత ఆగవలసి ఉన్నది. ఆమ్ల స్వభావం గల ఎర్ర నేలల్లో వేసిన భాస్వరం పంటకు అందకుండా ఇనుముతో బంధింపబడి మారే రూపమే ఈ ఐరన్ ఫాస్ఫేట్. మనం ఏ రూపం నుండి భాస్వరాన్ని విడిపించడానికి భాస్వరాన్ని కరిగించే బాక్టీరియాను వాడుతున్నామో, దానినే బస్తాలో నింపి పొలానికి మోసుకుపోవడం వింతగా ఉంటుంది. నీరు నిలిచిన వరి మడిలో పరిస్థితి వేరు. అక్కడ ప్రాణవాయువు లేమి వలన ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారి కొంత భాస్వరం విడుదలవుతుంది. కాబట్టి కుండీ ప్రయోగానికి అర్హత ఉన్న ప్రశ్నే. కానీ ఆ మడ్డిలో రాగి, ఫ్లోరైడు, గ్రాఫైటు, కలగలుపు వచ్చినట్లయితే నికెల్, కోబాల్ట్ కూడా ఉండగలవు. వాటి పరిమాణం తేల్చకుండా, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 కింద అనుమతి లేకుండా ఎవరైనా ఈ పదార్థాన్ని ఎరువుగా అమ్మజూపితే కొనరాదు. ఈ మడ్డిని తిరిగి బ్యాటరీ చూర్ణంగా మార్చడమే ప్రస్తుతానికి మేలైన వినియోగం.

సేకరణే అసలు చిక్కు

2001 నాటి బ్యాటరీ నియమాలు సీసం–ఆమ్ల బ్యాటరీలకు ఉద్దేశించినవి. వాటి స్థానంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు అన్ని రసాయనాలకూ వర్తిస్తాయి. తయారీదారు, దిగుమతిదారు తాము అమ్మిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత వహించాలి. బ్యాటరీలను నేలలో పూడ్చడం, కాల్చడం నిషిద్ధం. వినియోగదారుడు వాటిని ఇంటి చెత్తలో కలపకుండా సేకరణ కేంద్రానికి అప్పగించాలి. చక్రాల చెత్తబుట్ట మీద అడ్డంగా గీతలు కొట్టిన గుర్తు బ్యాటరీ మీద ఉండేది ఇందుకే. స్ప్రేయరు బ్యాటరీ వంటి చిన్న తరగతి నుండి రాబట్టవలసిన పదార్థం 2024–25లో 70 శాతం, 2026–27 నుండి 90 శాతం.

ఈ శాతాన్ని బ్యాటరీ మొత్తం పొడి బరువు మీద లెక్కిస్తారు. మన ఉదాహరణలో లిథియం సెల్లుల బరువులో 1.3 శాతమే. అంటే లిథియం మొత్తాన్ని వదిలివేసినా 90 శాతం లక్ష్యానికి ఆటంకం లేదు! ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నియమావళి లిథియంకు విడిగా 2027 చివరికి 50 శాతం, 2031 చివరికి 80 శాతం అని నిర్దేశించింది. మన నియమాలు కూడా ఆ దిశగా సాగవలసి ఉన్నది. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం కీలక ఖనిజాల రీసైక్లింగ్‌కు 1,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. ఇది కర్మాగారాలకు ఊతమిస్తుంది. పొలం గట్టు నుండి కర్మాగారం దాకా ఉన్న దూరం మాత్రం మిగిలే ఉన్నది.

డ్రోన్ల విషయంలో ఆ దూరాన్ని ఇప్పుడే తగ్గించవచ్చు. 2023 నవంబరులో ఆమోదం పొందిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు ఉద్దేశించినది. రోజుకు 20 ఎకరాల వరకు పిచికారీ సాగేందుకు డ్రోనుతో వచ్చే బ్యాటరీల జతకు అదనంగా మరి నాలుగు జతలను ఇస్తారు. జతకు రెండేసి, ఒక్కొక్కటి రెండున్నర కిలోలు అనుకుంటే మొత్తం 375 టన్నులు. ఒక ఛార్జ్‌కు రెండెకరాలు పూర్తవుతాయనుకుంటే రోజుకు ఒక్కొక్క జత రెండు సార్లు, ఏడాదికి వంద రోజుల పనిలో 200 సార్లు ఛార్జ్ అవుతుంది. ఈ తరగతి బ్యాటరీలు 300 నుండి 500 సార్లకు బలహీనపడతాయి. అంటే రెండేళ్ళ పైచిలుకులో ఈ బ్యాటరీలు ఒక్కొక్కటిగా పక్కకు చేరతాయి. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో జాబితా సిద్ధంగా ఉన్నది. కొన్న సంస్థ ఎవరో తెలుసు. లోపల విలువైన లోహం ఉన్నది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతది వెనక్కు తీసుకుని ధరలో తగ్గించాలనే షరతును ఒప్పంద పత్రంలో రాయించుకుంటే సరిపోతుంది.

స్ప్రేయరు బ్యాటరీకి ఈ అనుకూలతలేవీ లేవు. అందుకు మొదట చేయవలసినది దాని ఆయుష్షు పెంచడం. నాలుగు సెల్లులు వరుసగా కలిపిన బ్యాటరీలో ఒకటి బలహీనపడినా మొత్తం పనిచేయడం మానుతుంది. మల్టీమీటరుతో సెల్లు సెల్లుకూ వోల్టేజి చూడగల మరమ్మతుదారుడు మిగిలిన మూడింటిని కాపాడగలడు. రెండు వోల్టుల కంటే దిగువకు పడిపోయి చాలా కాలమైన సెల్లును తిరిగి ఛార్జ్ చేయరాదు. గ్రామీణ యువతకు కృషి విజ్ఞాన కేంద్రాలు ఇచ్చే యంత్రాల మరమ్మతు శిక్షణలో ఈ అంశానికి ఒక రోజు కేటాయించవచ్చు.

ఇక బాగుకాని వాటిని అప్పగించే వరకు నిల్వ చేసే తీరు. ధ్రువాలకు ఇన్సులేషన్ టేపు అంటించి, పొడి ఇసుక పోసిన లోహపు డబ్బాలో, నీడలో ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని మిగిలిన వాటితో కలపకుండా ఆరుబయట విడిగా ఉంచాలి. పురుగుమందులు, ఎరువులు నిల్వచేసే గదిలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టరాదు. మందు డబ్బాల్లోని ద్రావణులు మండే స్వభావం కలవి. ఛార్జ్ పెట్టే చోటు కూడా అదే గది కావడం మన అద్దె యంత్ర కేంద్రాల్లో, సహకార సంఘాల గోదాముల్లో సామాన్యంగా జరిగే పొరపాటు.

గ్రామానికొక సేకరణ కేంద్రం అనే ప్రతిపాదన వినడానికి బాగుంటుంది కానీ నిలవదు. స్ప్రేయరు బ్యాటరీ బరువు కిలోకు అటు ఇటుగా ఉంటుంది. ఒక టన్ను పోగుపడితే తప్ప వాహనం పంపడం ఏ రీసైక్లింగ్ సంస్థకూ గిట్టుబాటు కాదు. టన్ను అంటే వెయ్యి బ్యాటరీలు. ఒక గ్రామానికి ఇది ఏళ్ళు పట్టే పని. మండలాన్ని లేదా ఒక సహకార సంఘం పరిధిని ప్రమాణంగా తీసుకుని, ఖరీఫ్ ముగిశాక ఒకసారి, రబీ ముగిశాక ఒకసారి నిర్ణీత తేదీన సేకరిస్తే ఆ సంఖ్య అందుబాటులోకి వస్తుంది. పాత బ్యాటరీ తెచ్చిన రైతుకు కొత్తదాని ధరలో 50 రూపాయలు తగ్గించవలసి ఉంటుంది. లిథియం నుండి ఆ డబ్బు రాదని పై లెక్కల్లో చూశాము కాబట్టి, నియమాల ప్రకారం బాధ్యత గల తయారీదారు నుండే దానిని రాబట్టాలి. సబ్సిడీ స్ప్రేయర్ల కొనుగోలుకు టెండరు పిలిచే శాఖలు ఈ ఒక్క వాక్యాన్ని షరతుల్లో చేర్చితే అమలు అక్కడి నుండే మొదలవుతుంది.